తోడెవరు?

మగపిల్లవాడు ఊరికి బయలుదేరితే "ఎప్పుడొస్తావురా?" అంటారు. ఆడపిల్ల బయలుదేరితే "తోడెవరు?" అంటారు. ఈ రెండో ప్రశ్నకు జవాబు తెలిసి కూడా ఒకప్పుడు నోరు మూసుకున్నవాణ్ణి నేను.

1965లో నేనూ, మా చెల్లెలూ రేపల్లెలో ఒకేసారి ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యాం. అది నాకంటే ఏడాది చిన్న. ఒక తరగతి మీద మమకారం కొద్దీ నేను రెండేళ్ళు అందులోనే ఉండిపోవడంతో నన్నందుకుంది. మార్కులు దానికే ఎక్కువ. పి.యు.సి.కి తెనాలి వెళ్ళాలి. నాన్నగారు దరఖాస్తు ఒక్కటే తెప్పించారు.

"మరి దానికో?" అంది అమ్మ.

"రోజూ రైల్లో పోయి రావాలి. ఆడపిల్లకు తోడెవరే?" అన్నారాయన.

ఆ రైల్లో రోజూ పోయి వచ్చేవాణ్ణి నేనేగా! "నేనున్నాను నాన్నగారూ" అంటే సరిపోయేది. అనలేదు. కాలేజీలో కూడా నన్ను మించిపోతుందేమోనని నా భయం. చెల్లెలు పల్లెత్తు మాట అనలేదు. నా అక్షరాలు కోడిగీతలని నా దరఖాస్తు కూడా అదే నింపిపెట్టింది.

కాలేజీల్లో ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు అని లెక్కలు కడతారు. 2021-22లో దేశం మొత్తం మీద ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో ఆడపిల్లలు 2.07 కోట్లు. అంటే దాదాపు సగం. మన రాష్ట్రంలో వృత్తి విద్యా కోర్సుల్లో వాళ్ళకు మూడో వంతు సీట్లు కేటాయించారు కూడా. సంతోషమే. కాని ఇంట్లోనే ఆగిపోయిన దరఖాస్తు ఏ లెక్కలోకి వస్తుంది?

1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరిన అయ్యలసోమయాజుల లలితగారు మన తెలుగావిడే. చిన్న వయసులోనే భర్త పోయి, చేతిలో పసిబిడ్డతో ఉన్న మనిషి. ఆ కాలేజీలోనే ఆచార్యులైన ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు కూతురి కోసం నోరు విప్పి అడిగారు. తలుపు తెరుచుకుంది. మరో ఇద్దరు అమ్మాయిలూ ఆ గడప దాటారు. ఇంట్లోవాడు ఒకడు అడిగితే అంత పని జరిగింది!

మొన్న తెనాలిలో మా అబ్బాయి, కూతురికి వ్యవసాయ కళాశాలల వరస కంప్యూటరులో నింపుతున్నాడు. మా మనవరాలు తిరుపతి ముందు పెట్టమంటుంది.

"1945 నుంచీ ఉన్న కాలేజీ బాపట్లలో పెట్టుకుని తిరుపతి దేనికమ్మా? అంతదూరం తోడెవరు?" అన్నాడు మావాడు. వాళ్ళ అన్నయ్య విశాఖపట్నం పోతానన్ననాడు ఈ ప్రశ్న వేసిన గుర్తు లేదు.

చెల్లెలు ఆ పూట రేపల్లె నుంచి వచ్చి అక్కడే కూర్చుని ఉంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే, "ఆ మాటకు జవాబు మీ నాన్నకు తెలుసురా" అంది.

అరవై ఏళ్ళు దాటినా మరిచిపోలేదన్నమాట!

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తిరుపతే ముందు పెట్టరా. తోడు నేనున్నాను" అన్నాను.

మనవరాలు పకపకా నవ్వి, "నువ్వు రైలెక్కితే నీకే నేను తోడుండాలి తాతయ్యా!" అంది.

చెల్లెలు కూడా నవ్వింది. నేను మాత్రం దానివైపు చూడలేక చిక్కుడుకాయల చేట నావైపు లాక్కున్నాను.