312 నంబరు కవరు

పొయ్యి సిమ్మల పెట్టి జర గోడ కాడికి రా వదినె, ఒక ముచ్చట చెప్పాలె.

మొన్న పెత్రమాసకు ఎల్లారెడ్డి పోయిన గద. గోడకున్న మా అమ్మ ఫోటో చెమ్మకు మొత్తం ఖరాబైంది. నాకు ఏడుపొచ్చింది. ఫోటోగ్రాఫర్ పని చేసే మా తమ్ముడు అటక మీది రేకుపెట్టె దించిండు. లోపల అన్ని ఖాకీ కవర్లే, ఒక్కోదాని మీద నంబరు. 312 తీసి ఫిలిం వెలుగుకు పట్టిండు. మా అమ్మ! 1986ల నిజాంసాగర్ కట్ట మీద నిలవడ్డది. ఆ ఫిలిం స్కాన్ చేపిచ్చి పెద్ద ఫోటో తీపిచ్చినం. చీర అంచు మీది పూలు సుత లెక్కవెట్టొచ్చు.

అప్పుడు వానిది యాషికా కెమెరా, రీలుకు 12 ఫోటోలే. అందుకే నొక్కేముందు ఎంతసేపో చూస్తుండె. "గదువ జర దించు, ఊపిరి పట్టు" అంటుండె. డార్క్ రూంల ఎర్రబల్బు కింద కాయితాన్ని మందునీళ్లల్ల ఆడిస్తే మనిషి మెల్లమెల్లగ తేలుతుండె. నేను ఊపిరి బిగవట్టి చూసేదాన్ని. మొఖం మీద మచ్చ ఉంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తోని చుక్కలు పెట్టి దిద్దుతుండె. అన్నం తినేటప్పుడు సుత వాని వేళ్లకు హైపో మందు వాసనే.

ఇప్పుడు ఒక్క పెండ్లికి వేలల్ల తీస్తడు, దిద్దుడంత కంప్యూటర్లనే. మంచిగనే ఉందంటడు వాడు. మండపంల చీకటున్నా మొఖం వస్తది, అప్పుడే చూసుకొని మళ్ల తియ్యొచ్చు, పని నేర్చుకునే పిల్లలకు రీలు ఖర్చు లేదు. మొదటి డిజిటల్ కెమెరా 1975ల చేసింది కొడాక్ కంపెనీల ఇంజనీరేనట, స్టీవెన్ సాసన్. ఆ కొడాకే 2012ల దివాలా తీసింది. మావోని డార్క్ రూంల ఇప్పుడు బియ్యం బస్తాలున్నయ్.

నా బాధ వేరే. మా పెద్దోని పెండ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌ల ఇచ్చిన్రు గద, మూడేండ్లకే తెరుచుకుంటలేదు. తీసినాయన దగ్గర సుత లేవట, హార్డ్‌డిస్క్ పోయిందట. ఆల్బంల ఎక్కినయే మిగిలినయ్. పాతకాలం ఫోటోల సంగతి చూడు, నిజాం దర్బారుల ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్ 1905ల పోయిండు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పటికీ ఢిల్లీల ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంల ఉన్నయ్. చేతికి అందే వస్తువు కాబట్టి దాచినోళ్లు దాచిన్రు. మనం ఫోన్లల్ల నింపుతున్నం, ఫోన్ మారిస్తే మరుస్తున్నం.

మీ అత్తమ్మకు 80 దాటినయ్ గద. పోయిన బతుకమ్మకు తంగేడు పూలు పేర్చుకుంట నవ్విన ఫోటో నీ ఫోన్ల ఉంది, నేను చూసిన. రేపు పొద్దుగాల ఆ ఫోన్ పట్టుకొని నాతోని రా. స్టేషన్ రోడ్డుకు పోయి కాయితం మీద తీపిద్దాం.