పిల్లల తిండికీ ఆటకీ ఎవరు పూచీ?

టెక్సస్‌లో పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపే తల్లిదండ్రులకు ఒక హక్కు ఉంది. ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామంది దాన్ని వాడుకోరు. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కూ, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థకూ, స్కూల్ హెల్త్ అడ్వైజరీ కౌన్సిల్ అనే కమిటీ ఉండాలని ఈ రాష్ట్ర చట్టం చెబుతుంది. సభ్యుల్లో సగానికి మించి పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, వాళ్లు ఆ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగులు కాకూడదు. ఏడాదికి కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలి. పిల్లలకు ఏం పెట్టాలి, బడిలో ఏం అమ్మకూడదు, రోజూ ఎంతసేపు ఆడించాలి అనే విషయాలన్నీ అక్కడికి వస్తాయి. మా అబ్బాయి బడి నుంచి వచ్చిన ఈమెయిల్ చూసి నేనూ పేరిచ్చాను. అప్పటి నుంచి ఆ కమిటీ బల్ల దగ్గర కూర్చున్న ప్రతిసారీ నా మనసు మా ఊరి బడి మీదికే పోతుంది.

మాది పాములపాడు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. శ్రీశైలం నీళ్లు మూడు దారులుగా చీలే బానకచెర్ల రెగ్యులేటర్ మా మండలంలోనే ఉంది. నేను చదువుకునే రోజుల్లో బడిలో అన్నం పెట్టేవాళ్లు కాదు. సద్ది తెచ్చుకున్నవాళ్లు తినేవాళ్లు, లేనివాళ్లు జేబులో నాలుగు బుడ్డలు (వేరుశనక్కాయలు) వేసుకొని వచ్చేవాళ్లు. ఆటకు మాత్రం కొదవ లేదు. పల్లెల నుంచి నడిచొచ్చిన పిల్లలు సాయంత్రం చెడుగుడు ఆడి మళ్లీ నడిచే ఇంటికి పోయేవాళ్లు. ఇప్పుడు లెక్క తారుమారైంది. బడిలో అన్నం ఉంది. నడక పోయి ఆటో వచ్చింది, ఆట పోయి స్టడీ అవర్ వచ్చింది.

అమెరికాలో బడి పిల్లల తిండికీ ఆటకీ రాసిపెట్టుకునే విధానానికి వెల్‌నెస్ పాలసీ అని పేరు. 2004లో చేసిన చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ సాయంతో పిల్లలకు భోజనం పెట్టే ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్ 2006 విద్యా సంవత్సరం మొదలయ్యేనాటికి పోషణ గురించీ వ్యాయామం గురించీ తన విధానం రాసి పెట్టుకోవాల్సి వచ్చింది. 2010 చట్టం, 2016 నిబంధనలు దాన్ని ఇంకా బిగించాయి. అమలుకు ఏ అధికారి బాధ్యుడో పాలసీలోనే రాయాలి. తల్లిదండ్రులు, విద్యార్థులు, వ్యాయామ ఉపాధ్యాయులు పాల్గొనేందుకు అవకాశం ఇవ్వాలి. మూడేళ్లకొకసారి ఎంతవరకు అమలైందో చూసి ఆ ఫలితాన్ని జనం ముందు పెట్టాలి. బడి వేళల్లో అమ్మే చిరుతిండి ఏదైనా 200 కేలరీలు దాటకూడదు. ఆ ప్రమాణాలకు నిలవని తిండికి బడి ఆవరణలో ప్రకటనలు కూడా పెట్టకూడదు.

చదివితే ఇదంతా ఆఫీసు కాగితంలా ఉంటుంది. కానీ మా కమిటీలో కూర్చుంటే ఒక్కొక్క వాక్యం వెనక ఒక పిల్లవాడు కనిపిస్తాడు. ఒక సమావేశంలో సాయంత్రమంతా ఒకే విషయం మీద గడిచింది. అల్లరి చేసిన పిల్లవాడికి శిక్షగా రీసెస్, అంటే ఆట విరామం, ఆపేయవచ్చా? ఒక టీచర్ తన ఇబ్బంది చెప్పుకున్నారు. ఇరవైమందికి పైగా పిల్లలున్న తరగతిలో నా చేతిలో ఇంకేం ఉంది అన్నారు. ఒక తల్లి లేచి, మా వాడు కుదురుగా కూర్చోలేకపోవడమే అసలు సమస్య, పరిగెత్తే ఆ ఇరవై నిమిషాలూ తీసేస్తే మధ్యాహ్నం ఇంకా ఎక్కువ అల్లరి చేస్తాడు అన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. చివరికి రీసెస్‌ను శిక్షగా తీసేయకూడదన్న వాక్యాన్ని స్కూల్ బోర్డుకు సిఫారసు చేశాం. భోజనం ముందా, ఆట ముందా అన్న చర్చ మరోసారి జరిగింది. ఆట తర్వాత అన్నం పెడితే పిల్లలు తొందరపడి సగం పారేయకుండా ఆకలితో తింటారని క్యాంటీన్ నడిపేవాళ్లే చెప్పారు. టైమ్‌టేబుల్‌లో ఒక గడి అటూ ఇటూ మార్చితే సరిపోయే పని అది. ఆ మాట పైకి రావడానికి అందరూ కలిసి కూర్చునే చోటు ఒకటి కావాల్సి వచ్చింది.

ఇక మన వైపు చూద్దాం. తిండి విషయంలో మన రాష్ట్రం చేసినదాన్ని ఇక్కడివాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక, ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి ప్రభుత్వ బడుల్లో అన్నం పెడుతున్నారు. కేంద్ర పథకం ఎనిమిదో తరగతి వరకే అయినా, తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రమే ఖర్చు పెట్టుకుంటుంది. 2023 మార్చి నుంచి రాగి జావ వచ్చింది. ఇప్పుడు పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకూ భోజనం అందుతోంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ అడగరు, డబ్బు అడగరు. అమెరికాలో చాలాచోట్ల తల్లిదండ్రుల ఆదాయం చూశాకే పిల్లవాడి భోజనం ఉచితమా కాదా అని తేలుస్తారు. కట్టెల పొయ్యి దగ్గరా గ్యాస్ పొయ్యి దగ్గరా నిలబడి, నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనంతో బడి పిల్లలందరికీ వండిపెట్టే మన వంట అక్కలకు ఈ గొప్పతనంలో మొదటి వాటా దక్కాలి.

మరి లోటు ఎక్కడుంది? మా బంధువుల అమ్మాయి ఒకతె మా వైపే ఒక హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఫోన్ చేసినప్పుడు ముందు తిండి సంగతే అడుగుతాను.

“ఈరోజు ఏం పెట్టినారమ్మా?”

“పులిహోర, గుడ్డు, మామా.”

“ఆటలేమన్నా ఆడుకుంటిరా?”

“టెన్త్‌కు డ్రిల్ పీరియడ్ లేదు మామా, స్టడీ అవరే. ఆడపిల్లలం ఎనిమిదో తరగతి నుంచే గ్రౌండ్‌లోకి పోము.”

చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. పోవద్దని ఎవరూ చెప్పలేదట. పోకపోవడం అలవాటైపోయింది, అంతే. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆడపిల్ల పదమూడేళ్లకే మైదానం వదిలేస్తే ఆ 60 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంకో సంగతీ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర, పళ్లెంలో ఆకుకూర పప్పు, మైదానంలో ఆట, వీటిని మనం వేరువేరు శాఖలకు పంచేశాం. ఆ పిల్ల ఒంటికి మాత్రం మూడూ కలిసే చేరాలి. మాత్ర మింగిందా, గుడ్డు తిన్నదా, ఆడిందా అని మూడూ కలిపి చూసేవాళ్లు ఎవరూ లేరు. నేను లోటు అంటున్నది దీన్నే.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. టెక్సస్ కమిటీకి లేని బలం ఇది, చట్టమే ఆడవాళ్లకు సగం చోటు రాసిచ్చింది. బడికి ఆటస్థలం ఉండాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉన్న తిండిని బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిపారు. చట్టం ఉంది, కమిటీ ఉంది, అమ్మానాన్నలు బడికి వచ్చే రోజూ ఉంది. మా బడిలో మేం ఇలా చేస్తాం అని ఆ బడివాళ్లే కూర్చుని రాసుకున్న ఒక్క పేజీ మాత్రం లేదు.

ఆ పేజీలో ఏముండాలో నాకు తోచింది చెబుతాను. వారానికి ఎన్ని డ్రిల్ పీరియడ్లో అంకెల్లో రాయాలి. పదో తరగతికీ అవి ఉండాలి, పరీక్షల పేరు చెప్పి తీసేయకూడదు. ప్రాథమిక బడుల్లో మామూలుగా పీఈటీ ఉండరు కాబట్టి ఏ టీచరు ఏ రోజు ఆడిస్తారో పేరుతో సహా ఉండాలి. ఆడపిల్లలకు మైదానం ఏ వేళ విడిగా ఇస్తారో, మరుగుదొడ్డి, నీళ్ల బాధ్యత ఎవరిదో రాయాలి. గేటు దగ్గర బంకు నడుపుకునే మనిషిని వెళ్లగొట్టే పని పెట్టుకోకుండా, ప్యాకెట్ల బదులు ఉడకబెట్టిన బుడ్డలు, జామకాయలు, అరటిపండ్లు అమ్మేలా కమిటీ ఆయనతో మాట్లాడాలి. కొర్ర తిండి మనకు కొత్త కాదు. సూర్యనంది అనే కొర్ర రకాన్ని రూపొందించింది మన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమే. నెలలో ఒక రోజైనా ఆ కొర్రన్నం మన పిల్లల పళ్లెంలోకి రావాలి, అదెలా వండాలో వంట అక్కలను అడిగే నిర్ణయించాలి. చివరగా, ఏడాదికొకసారి ఈ పేజీని అందరి ముందూ చదివి, ఏది జరిగిందో ఏది జరగలేదో చెప్పాలి. అమెరికా పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చివరి వాక్యమే. రాసింది ఒకరోజు పైకి చదవాల్సి వస్తుందని తెలిస్తే రాసేవాళ్లూ జాగ్రత్తగా రాస్తారు, చేసేవాళ్లూ మరిచిపోరు.

విదేశాల్లో ఉన్న మనకు ఊరి బడి మీద ప్రేమ ఉంది. బెంచీలు కొనిస్తాం, నీళ్ల ప్లాంటు పెట్టిస్తాం, గేటు కట్టిస్తాం. అవన్నీ కావాల్సినవే. వాటితో పాటు, మనం ఇక్కడ తల్లిదండ్రులుగా కూర్చుని నేర్చుకున్న ఈ పద్ధతినీ ఊరికి చేర్చాలి. డబ్బిచ్చినవాడి పెత్తనం మాత్రం అందులో ఉండకూడదు. పేజీ రాయాల్సింది పాములపాడు, వేంపెంట, బానకచెర్లల్లో పిల్లల్ని బడికి పంపే అమ్మలే. ఈసారి సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు హెడ్మాస్టరు గారినీ కమిటీలోని తల్లులనూ కలిసి, మా స్కూల్ డిస్ట్రిక్ట్ పాలసీని తెలుగులో చదివి వినిపించవచ్చా అని అడగబోతున్నాను. వాళ్లు సరేనంటే, మొదటి వాక్యం ఆడపిల్లల ఆట గురించే ఉండాలని నా తరఫున ఒక్క మాట అడుగుతాను. మిగతాదంతా వాళ్లిష్టం.