ఎండకి కనిపించే నలుపు

ఇంక్‌జెట్ ప్రింటర్లని సమీక్షించేవాళ్ళు కాగితం మీద ఫొటో ఎంత బాగా వచ్చిందో చూస్తారు. డిజిటల్ నెగటివ్ కోసం కొనేవాడికి ఆ కొలత పనికిరాదు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్‌కి మన కంటితో పనిలేదు. దానికి కావలసింది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలు. ఫిల్మ్ మీద మనకి కటిక నలుపుగా కనిపించే ఇంకులోంచి అవి దూరిపోవచ్చు. పేలవంగా కనిపించే పసుపు వాటిని ఆపెయ్యొచ్చు.

అందుకే పిగ్మెంటా, డై ఇంకా అన్నది మొదటి ప్రశ్న. పిగ్మెంట్ ఈ కిరణాలని సాధారణంగా బాగా అడ్డుకుంటుంది. చవక ట్యాంకు ప్రింటర్లలో చాలావాటికి నలుపు మాత్రమే పిగ్మెంట్, రంగులు డై. పైగా గ్లాసీ పేపర్ అని సెట్టింగ్ పెడితే ఆ నలుపుని పక్కనపెట్టి, రంగులు కలిపి నలుపు చేసేవీ ఉన్నాయి. రెండో ప్రశ్న వెడల్పు. ఇది కాంటాక్ట్ ప్రింటింగ్; నెగటివ్ ఎంతో బొమ్మా అంతే. రాజా దీన్‌దయాళ్ కాలంలో పెద్ద బొమ్మ కావాలంటే సాధారణంగా పెద్ద గాజు పలక మోసుకెళ్ళాల్సి వచ్చేది.

నాకు ఏ4 చాలు. మా నాన్న చివరి పదేళ్ళ ఫొటోలన్నీ ఫోన్లలోనే ఉన్నాయి, వాటికి నెగటివ్ అంటూ ఎప్పుడూ లేదు. కొనేముందు, స్నేహితుడి పిగ్మెంట్ ప్రింటర్ మీద 21 మెట్ల బూడిదరంగు పట్టీ ఫిల్మ్ మీద తీసి, ఎండలో పెట్టి, కడిగి చూశాను. అన్నిటికన్నా చిక్కటి మెట్టు కింద కాగితం తెల్లగా మిగిలింది. నాన్న నెరిసిన జుట్టు బొమ్మలో నిలవాలంటే ఆ తెలుపు మిగలాలి. అదే మోడల్ తీసుకున్నాను.