పోగుల లెక్క

మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం వెలగబెడుతున్నాడు. సద్దుల బతుకమ్మకు వాడు సిరిసిల్ల వచ్చాడంటే, కరీంనగరం నుంచి నేనూ బస్సెక్కాను. వెళ్లేసరికి వసారాలో తండ్రీకొడుకుల మధ్య విచారణ సాగుతోంది.

"మూడు నెల్లు రాత్రింబగళ్లు కష్టపడ్డనంటివి. కొత్తగ ఏమొచ్చిందిరా?"

"కొత్తదేం రాలే బాపూ. ఇదివరకేం జేస్తుండెనో ఇప్పుడూ అదే జేస్తది. లోపట సాపు జేసిన, అంతే."

"మరి మీటరు బట్ట ఎక్కువ రాకుంటె కూలెట్లిస్తరు?"

మా బావ ముప్పయ్యేళ్లు సాంచాలు నడిపిన మనిషి. ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. కాని కుర్రవాడి ముఖం చిన్నబోయింది. తెలుగు పంతులునైన నేను దుబాసీగా దిగక తప్పలేదు.

కంప్యూటరులో ఒకేసారి వందల పనుల వరుసలు సాగుతుంటాయి. ఒక్కొక్క వరుసను థ్రెడ్ అంటారు. థ్రెడ్ అంటే పోగేగదండీ! ఏ పోగు యంత్రపు కాలాన్ని ఎంత తింటోందో కనిపెట్టే పనిముట్టు మావాడిది. సెకనుకు వందలు, వేలసార్లు తొంగి చూసి, నడుస్తున్న పోగు నంబరు రాసుకుంటుంది. లినక్సులో ఈ పనికి 2009 నుంచి 'పెర్ఫ్' అని ఒకటుంది. నంబరు చెబితే పోగు వివరం తీసే చిట్టా అందులో చెట్టుకొమ్మల్లా పేర్చి ఉండేది. ఇటా అటా అని పోల్చుకుంటూ దిగాలి. 2024లో దాన్ని తీసేసి, నంబరును బట్టి నేరుగా అర దగ్గరికే చేర్చే హాష్ పట్టిక పెట్టారు. చిట్టా వ్యవహారమంతా విడి ఫైలులోకి మార్చారు. తన కంపెనీ పనిముట్టులో మావాడు చేసిందీ ఇంచుమించు అదే.

బావ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పోగు తెగుతదిగద. ఆ నంబరు ఇంకోదానికిస్తె? పాతదాని లెక్క కొత్తదాని మీద పడదా?"

మావాడు చటుక్కున లేచి కూర్చున్నాడు. "అక్కడ్నే సచ్చిన బాపూ! తెగిందని పాతదాన్ని వెంటనే పారేస్తె, దాన్ని పట్టుకున్నోళ్లంత కూలవడతరు. ఎందరు పట్టుకున్నరో లెక్క పెట్టుకోవాలె. ఆఖరోడు ఇడిసినంకనే పారెయ్యాలె."

"ఎన్ని దినాలు పట్టింది గది?"

"గదొక్కటే నెల."

బావ ఇంకేమీ అడగలేదు. లోపలికి తిరిగి, "పిలగానికి ఇంకో సత్తుముద్ద తేరాదూ!" అని కేకేశాడు.