పాటకు ముఖచిత్రము

పాట చెవికి సంబంధించినది గదా, దానికి బొమ్మ యేల యని కొందఱు మమ్ము నడిగిరి. గడచిన క్రిస్మసు పండుగకు మా పాఠశాల గానబృందమువారు పాడిన యెనిమిది పాటలను ఒక ఆల్బముగా కూర్చి, దానికి ముఖచిత్రమును సిద్ధపఱచు పనిని మా కొప్పగించిరి. మేము నలుగురము: చిత్రలేఖనము బోధించు ఉపాధ్యాయులొకరు, తొమ్మిది పది తరగతుల విద్యార్థులు ముగ్గురు. ఆ పనిలో తెలిసికొన్న సంగతులు తోడి బాలబాలికలకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యెంచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఆల్బమను మాటయే బొమ్మలతో ముడిపడియున్నది. పూర్వము గ్రామఫోను రికార్డు ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషముల సంగీతము మాత్రమే పట్టెడిది. దీర్ఘమైన సంగీతమునకు రికార్డులు పెక్కు కావలసివచ్చుటచే, ఛాయాచిత్రముల పుస్తకమునందువలె అట్టల నడుమ కాగితపు సంచులు కుట్టి వానిని భద్రపఱచిరి. అందుచే దానికి ఆల్బమని పేరు కలిగెను. అట్టలు మాత్రము బహుకాలము బొమ్మలేని వట్టి అట్టలుగనే యుండెను. 1940లో అమెరికాలోని కొలంబియా కంపెనీలో పనిచేయు అలెక్స్ స్టైన్‌వైస్ అను యువకుడు ఈ పద్ధతిని మార్చెను. న్యూయార్కులోని యొక నాటకశాల ముంగిట దీపములతో వెలుగు పేరుపలకపై ఆల్బము పేరునే అమర్పించి, దానిని ఛాయాచిత్రముగా తీయించి అట్టకెక్కించెను. ముఖచిత్రకళకు మొదటి మెట్టు ఛాయాచిత్రమేయనుట గమనింపదగినది.

1948లో పండ్రెండంగుళముల లాంగ్‌ప్లే రికార్డు వచ్చెను. చిత్రకారునకు జానెడు మించిన చతురస్రము దొరికెను. క్యాసెట్టు వచ్చినపుడు ఆ చోటు అరచేతికంటె చిన్నదయ్యెను. 1982లో వచ్చిన సీడీకి పండ్రెండు సెంటీమీటర్ల కాగితము మిగిలెను. ఇప్పుడు పాటలు సెల్లుఫోనులోనే వినబడుచున్నవి గనుక ముఖచిత్రము బొటనవ్రేలి గోరంత కనబడుచున్నది. ఐనను పాటలను పంచు సంస్థలు నిలువు మూడువేలు, అడ్డము మూడువేలు పిక్సెలుల చిత్రమును కోరుచున్నవి. అనగా తొంబదిలక్షల చుక్కలు. వాని నన్నిటిని చక్కజేసి గోరంత చోటున చూపింపవలెను!

మొదటి సమావేశములో మా యందఱి బుద్ధియు మంచుమీదికే పోయెను. క్రిస్మసు అనగానే మంచు కురియు ఊరు, మంచు కప్పిన దేవదారు చెట్టు, జింకలబండి. ఇట్టి బొమ్మలు కంప్యూటరులో ఉచితముగా వేలకొలది దొరకును. కాని మా కరీంనగరములో డిసెంబరు మాసమున కనబడునది మంచుగాదు; తెల్లవారుజామున మానేరుపై తేలు పొగమంచు, కోత ముగిసిన పొలములు, కళ్లములలో వడ్లరాసులు. పాటలలో మూడింటికి మా పల్లెల బాణీలే కట్టబడినవి. డప్పు, తాళములు, పిల్లలు ఒక్కటై పలుకు వంతపాట. వానిపై దేవదారు చెట్టు నుంచినచో వినువారికి ముందే అబద్ధము చెప్పినట్లగును. ఒకరు ఎలగందుల కోటను సూచించిరి. మఱియొకరు కుంటాల జలపాతమును. అవి మన జిల్లాలకు భూషణములే. ఐనను ఈ పాటలలో కోటలేదు, జలపాతము లేదు. ముఖచిత్రము తనలోని పాట చెప్పినదే చెప్పవలెనని అప్పుడు నిశ్చయించితిమి.

కడకు మా దృష్టి ఆఱవ పాటపై నిలిచెను. అది జోలపాట. దానిని మా పాఠశాలకు సమీపమున నుండు ఒక అవ్వ ముందు పాడగా పిల్లలు వెనుక పాడిరి. విన్నవారందఱును ఆ పాటనే మఱల వేయుమని యడుగుచుండిరి. అందుచే అవ్వ ముఖమే ఆల్బమునకు ముఖము కావలెనని యెల్లరును ఒప్పుకొనిరి.

చిత్రమునకు నేపథ్యమును మాత్రము మన జిల్లాల శిల్పములనుండి గ్రహించితిమి. నిర్మలు చిత్రకారులు కఱ్ఱపలకపై నల్లని పూతవేసి బంగారు వన్నెతో ఆకృతులు తీర్చుదురు. కరీంనగరపు వెండిపనివారు వెండ్రుకవంటి తీగలను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, అతికి పన్నీరుబుడ్లను, తట్టలను చేయుదురు. ఇచ్చట మాకొక చిక్కు కలిగెను. కంప్యూటరు తెర ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల కలయికతోనే సకల వర్ణములను చూపును. అందు బంగారమను రంగులేదు. వెండియను రంగును లేదు. పసుపును, బూడిదరంగును ఎంత కలిపినను లోహపు మెఱపు రాదు. మెఱపనునది రంగుగాదు, వెలుగు ఒకచోట మిక్కిలిగను, ప్రక్కనే తక్కువగను పడుటయే. అందుచే గీయుట మాని, ఒక వెండితీగపని వస్తువును నల్లగుడ్డపై నుంచి, ఒక్క దీపమును ప్రక్కనుండి మాత్రమే చూపి ఛాయాచిత్రము తీసితిమి. తీగలన్నియు నక్షత్రములవలె వెలిగెను. మా క్రిస్మసు తారకు మంచిదేశమునకు పోనక్కఱలేకపోయెను.

అవ్వ చిత్రమును సెల్లుఫోనుతోనే తీసితిమి. ఉదయము తొమ్మిది గంటలకు ఆమె యింటి గడపలో, ఎండ నేరుగా పడని చోట కూర్చుండబెట్టి, నీడ వైపున తెల్లని దుప్పటి పట్టుకొంటిమి. దానిపైబడిన వెలుగు తిరిగి ముఖముపై ప్రసరించి కన్నుల క్రింది చీకటిని తొలగించెను. అక్షరములకొఱకు తలపైని చోటు విడిచితిమి. ఈ రెండు జాగ్రత్తలకు ఖర్చేమియు లేదు. చిత్రమునకు వీనివలన కలుగు మేలు మాత్రము గొప్పది.

అటుపిమ్మట కంప్యూటరు పనియందు మాలో వివాదము పుట్టెను. ఈ కాలపు చిత్రసాధనములలో ఒక మీటతో ముడుతలు మాయమగును, మఱియొక మీటతో మేనిచాయ తెల్లబడును. ఒక విద్యార్థి అట్లు చేసి చూపెను. "పట్టణములో అమ్ముడగు ఆల్బములన్నియు నిట్లే యుండును, అవ్వకు మాత్రము అందముగా కనబడవలెనని యుండదా?" అని అతని వాదము. అది త్రోసివేయదగిన మాటగాదు. "ఆమె పాటలోని యెండయు, వయస్సును ఆ ముడుతలలోనే యున్నవి, వానిని తుడిచిన పాట యెవరిది?" అని రెండవ పక్షము. గంటసేపు తర్కించిన పిమ్మట ఉపాధ్యాయులు, "ముఖము మనలో నెవరిదియు గాదు, ఎవరిదో వారినే యడుగుదము" అనిరి.

రెండు చిత్రములను తీసికొనిపోయి అవ్వకు చూపితిమి. ఆమె చాలసేపు రెండింటిని చూచి నవ్వి, "నా మొకం నాదే ఉండనియ్యిన్రి బిడ్డా, గీతలుంటె ఏంది? కాని పండుగ పాటకు పనిచీర కట్టుకొని కూసుంటరా? ఆగున్రి, పెట్టెల చీరున్నది" అనెను. పొలమునుండి వచ్చిన చీరయే సహజముగా నున్నదని మాలో నిరుపక్షములవారును తలచియుండిరి. ఆ సంగతిలో మాకు వివాదమే లేదు. ఆమె వచ్చి చెప్పువఱకు ఆ ప్రశ్నయే పుట్టలేదు. మఱునాడు ఆకుపచ్చని పట్టంచు చీరతో మఱల చిత్రము తీసితిమి. ముడుతలు ఉన్నవున్నట్లే నిలిచినవి. ఒకరిని అందగింపజేయుటయు, పేదవారుగా చూపుటయు, రెండును వారి సెలవు లేక చేయదగిన పనులు కావని మాకు బోధపడెను.

ఈ సందర్భమున మా ఉపాధ్యాయులొక చరిత్ర చెప్పిరి. ఆస్ట్రియాదేశస్థుడగు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు 1940 తరువాతి సంవత్సరములలో ఆదిలాబాదు గోండుల నడుమ మార్లవాయిలో నివసించి వారి చిత్రములను తీసెను. 1948లో వారినిగూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఆ చిత్రములు లండను విశ్వవిద్యాలయపు సోయాస్ సంస్థలో భద్రముగానున్నవి. ఛాయాచిత్రము ఎనుబది యేండ్లు నిలుచుననుటకు ఇది సాక్ష్యము. నేడు పెక్కు ముఖచిత్రములపై గుస్సాడీ నర్తకుల నెమలియీకల కిరీటము వట్టి అలంకారముగా అతికింపబడుచున్నది. అది దీపావళినాటి దండారీలో నియమముతో ధరించు వస్తువు. అదే మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఆ నృత్యమును పెక్కుమందికి నేర్పి 2021లో పద్మశ్రీ పొంది, 2024లో దివంగతులైరి. కిరీటము క్రింద ఒక మనుష్యుడున్నాడని, అతనికొక పేరున్నదని చిత్రకారుడు మఱువరాదు.

ఇక పేర్ల సంగతి. తెలుగు అక్షరములు కొన్ని చిత్రసాధనములలో సరిగా కూడవు. వత్తులు విడిపోయి ప్రక్కకు వచ్చి కూర్చుండును. "క్రీస్తు" అను మాటయే మా తెరపై ముక్కలుగా విఱిగెను. సాధనములో భారతీయ లిపులకు తగిన అమరికను ఎన్నుకొనగా అది సరిపడెను. ఉచితముగా దొరకు రామభద్ర అను లావైన అక్షరములతో ఆల్బము పేరు వేసితిమి. పిమ్మట చిత్రమును గోరంత చేసి, పదియడుగుల దూరమున నిలిచి చూచితిమి. చదువ శక్యముగాని మాటలనెల్ల తొలగించితిమి. కడకు మూడే మిగిలినవి: ఆల్బము పేరు, గానబృందము పేరు, అవ్వ పేరు. చివరి రెండును ఒకే కొలతలో నున్నవి. అచ్చునకు పంపునపుడు తెరపై మెఱసిన నీలము కాగితముపై మందగించునని యెఱిగి, ముందుగా ఒక ప్రతి తీయించి రంగులు సరిచేసితిమి.

ఇప్పుడు నాలుగు మాటలు వ్రాసి యిచ్చినచో బొమ్మను తానే కల్పించు యంత్రములును వచ్చినవి. అవి క్షణములో ఒక ముదుసలి ముఖమును, చక్కని జోలపాట భంగిమను సృజింపగలవు. పని సులువగును, కాని ఆ ముఖమునకు ఇల్లులేదు, పెట్టెలో దాచుకొన్న పండుగచీర లేదు, నిన్ను ఆపి "ఇట్లు వలదు" అని చెప్పు నోరులేదు. మా ముఖచిత్రములో మంచిదేమైన నున్నచో అది అట్లు ఆపి చెప్పిన మాటవలననే వచ్చినది.

కావున ప్రియ విద్యార్థులారా, మీరు ఏ పాటకైనను బొమ్మ కూర్చునపుడు ముందు ఆ పాటను పదిమారులు వినుడు. పాడినవారిని చూచి రండు. తీసిన చిత్రమును వారికి చూపుడు. వారి పేరు చదువ వీలగునంత పెద్దదిగా వ్రాయుడు. తక్కినది సాధనములు నేర్పును.