బాహుబలి సొంతూరు చూద్దాం రండి!

బాహుబలి అనగానే మీ కళ్ల ముందు ఎవరు మెదులుతారో నాకు తెలుసు. శివలింగాన్ని భుజాన వేసుకుని జలపాతం వైపు నడిచే ప్రభాస్! 2015లో ఆ సినిమా టికెట్ల కోసం పడ్డ పాట్లు ఎవరు మరిచిపోతారు చెప్పండి? మాహిష్మతి కోసం రామోజీ ఫిల్మ్ సిటీలో పెద్ద పెద్ద సెట్లు వేశారు. కానీ పురాణంలోని బాహుబలి వేరు, ఆయన కథ వేరు. ఆయన ఊరికి సెట్టు అక్కర్లేదు. నిజామాబాద్‌లో బస్సెక్కితే చాలు. ఆ ఊరి పేరు బోధన్!

ఇదీ అసలు కథ

జైనుల మొదటి తీర్థంకరుడు ఋషభుడు. ఆయన కొడుకులు భరతుడు, బాహుబలి. భరతుడు లోకమంతా గెలిచి తమ్ముణ్ణి కూడా లొంగిపొమ్మన్నాడు. పోదనపురం ఏలుతున్న తమ్ముడు ససేమిరా అన్నాడు. రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. "అన్నదమ్ముల గొడవకి సైనికుల ప్రాణాలెందుకు? మీరిద్దరే తేల్చుకోండి" అన్నారు మంత్రులు. చూపులతో ఒక పోటీ, నీళ్లలో ఒక పోటీ, మల్లయుద్ధం ఒకటి... మూడింటిలోనూ బాహుబలిదే గెలుపు!

ఇక క్లైమాక్స్. చేతుల మీదికి ఎత్తిన అన్నని నేలకేసి కొట్టలేదు. మెల్లగా దించి, రాజ్యం ఆయనకే వదిలేసి అడవికి నడిచాడు. ఒళ్లంతా తీగలు అల్లుకునేదాకా నిలబడి తపస్సు చేశాడు. ఈ కథని పంపకవి 941లో కన్నడంలో 'ఆదిపురాణం'గా రాశాడు. ఆయన్ని పోషించిన రాజు అరికేసరిది మన వేములవాడే!

పోదనపురం అంటే బోధనే అని చాలామంది పండితుల మాట. బుద్ధుడి కాలంలో గోదావరి ఒడ్డున వెలిగిన అస్మక రాజ్యానికి రాజధాని కూడా ఇదేనంటారు. వేములవాడ చాళుక్యుల పూర్వీకుడు యుద్ధమల్లుడు పోదనలో బావుల నిండా నూనె పోయించి అయిదు వందల ఏనుగులకి స్నానం చేయించాడని ఆ వంశ ప్రశస్తి. గ్రాఫిక్స్ లేని రోజుల్లో ఎంత పెద్ద షాటో ఊహించుకోండి!

దారిలో రెండు మజిలీలు

నేను జక్రాన్‌పల్లి వైపు నుంచి బయలుదేరాను. ఇది పసుపు పండే సీమ. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కి వచ్చిందంటే ఊరికే రాలేదు మరి.

హైవే మీద దక్షిణంగా వస్తే డిచ్‌పల్లి. గుట్ట మీద రామాలయం. నూరు పైచిలుకు మెట్లెక్కాలి. గోడల నిండా శిల్పాలే! 'ఇందూరు ఖజురహో' అని పిలుస్తారు. ఇందూరంటే నిజామాబాద్ పాత పేరు.

నిజామాబాద్ ఖిల్లా మాత్రం తప్పక చూడాలి. నిజాం పాలన చివరి రోజుల్లో అక్కడి జైల్లో దాశరథి కృష్ణమాచార్యని బంధించారు. కాగితం ఇవ్వకపోతే బొగ్గుముక్క పట్టుకుని గోడ మీద పద్యాలు రాశారాయన. తోడుగా ఉన్న ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. తరవాత 1961లో 'ఇద్దరు మిత్రులు'కి పాటలు రాసిన దాశరథి ఈయనే! మీ అమ్మానాన్నలు కూనిరాగం తీసే పాటల్లో ఆయనవి ఎన్ని ఉన్నాయో ఓసారి అడిగి చూడండి.

పోదనలో ఏం మిగిలింది?

బోధన్‌లో దిగి "బాహుబలి విగ్రహం ఎక్కడన్నా?" అని ఆటో ఆయన్ని అడిగాను. ఆయన నవ్వి, "సినిమా హాలు అడ్రసా సార్?" అన్నాడు.

నవ్వులాటే గానీ, ఇందులో పెద్ద విషయం ఉంది. భరతుడు పోదనపురంలో తమ్ముడికి ఆకాశమెత్తు విగ్రహం నిలబెట్టాడని కథ. పదో శతాబ్దంలో గంగరాజుల మంత్రి చావుండరాయడి తల్లి దాన్ని చూడాలని ముచ్చటపడింది. అప్పటికే అక్కడ అడవి కమ్మి, పాములు చేరి, దారి మూసుకుపోయిందట. ఆ తల్లి కోరిక తీర్చడానికి శ్రవణబెళగొళలో యాభై ఏడడుగుల విగ్రహం చెక్కించారు. మనమంతా బస్సులు కట్టుకుని వెళ్లి చూసొచ్చేది దాన్నే. కథ మన ఊరిది, విగ్రహం పొరుగు రాష్ట్రంలోది!

ఊళ్లో దేవల్ మసీదు ఉంది. దేవల్ అంటే గుడి, పక్కనే మసీదు... పేరులోనే రెండు కాలాలు. రాతి స్తంభాల మీద తీర్థంకరుల బొమ్మలు ఉన్నాయని పాత గెజిటీరులోనే రాశారు. లోపలికి వెళ్లే ముందు అక్కడివాళ్లని ఒక మాట అడగండి.

షక్కర్‌నగర్ చిమ్నీ

మంజీర మీద 1931కల్లా నిజాంసాగర్ కట్టారు. కాలవ నీళ్లొచ్చాయి, చెరుకు తోటలు లేచాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి 'క్యాంపు'లు కట్టుకున్నారు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన ఊరే షక్కర్‌నగర్... చక్కెర పట్నం!

2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. తెర మీద బాహుబలి కాసులు కురిపించిన ఏడాదే బాహుబలి ఊళ్లో పొగగొట్టం ఆరిపోయింది!

గేటు దగ్గర చెట్టు నీడన కూర్చున్న ఓ పెద్దాయనతో మాట కలిపాను. "సైరన్ కూత ఇంటెనే టైం తెల్సేది బిడ్డా. ఇప్పుడు చేతికి గడియారం ఉంది గానీ, చేసే పనే లేకపాయె" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

విగ్రహానికి దారి మూసుకుపోవడం వెయ్యేళ్ల కిందటి మాట. చిమ్నీ చుట్టూ అడవి మొలవడం మన కళ్ల ముందటి మాట. మరిచిపోతే మళ్లీ ఎవరో వేరే ఊళ్లో మన కథ చెక్కుకుంటారు. అందుకే వెళ్లమంటున్నాను.

ఒక్క రోజు చాలు

పొద్దున్న డిచ్‌పల్లి, ఖిల్లా చూసుకుని మధ్యాహ్నానికి బోధన్ చేరండి. సాయంత్రం కందకుర్తి. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. నది మధ్య పాత శివాలయం వరదలొస్తే మునిగిపోతుంది, తగ్గితే మళ్లీ తేలుతుంది. ఇంకో రోజు చిక్కితే బాన్సువాడ వెళ్లండి. 'ఫిదా'లో భానుమతి ఊరు అదే! తిరుగు దారిలో ఆర్మూరు దగ్గర అంకాపూర్ నాటుకోడి కూర మాత్రం వదలొద్దు. కారం ఎక్కువ... మంచినీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి!