ఎరుపంతా ఒకటేనా?

మా ఇంట్లో కారు తోలేది నేనే. కళ్ళ ఆపరేషన్ అయ్యాక మావారు స్టీరింగు నాకప్పగించి, పక్కసీట్లో కూర్చుని సలహాలిచ్చే హక్కు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. నా ఎడమ మోకాలికేమో క్లచ్చి తొక్కే ఓపిక లేదు. అందుకని పాతదే అయినా ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాం. నెల్లూరు నించి పాతిక కిలోమీటర్ల దూరంలో మైపాడులో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. సముద్రపు గాలి లేకపోతే నిద్ర పట్టదని మా దగ్గరికి రాదు. ప్రతి ఆదివారం ఆవిడకి మందులూ, వారపత్రికలూ పట్టుకెళ్ళేది ఆ కారే. నా నగలన్నీ ఒకెత్తు, ఆ కారొకెత్తు అంటే నవ్వకండి.

2021 నవంబరులో పెన్న పొంగింది. సోమశిల నించి వదిలిన నీళ్ళు ఊళ్ళమీద పడ్డాయి. పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. రాత్రి మా వీధిలోకొచ్చిన నీళ్ళు తెల్లారేసరికి కారు హెడ్‌లైట్ల దాకా లేచాయి. మేడమీద నించి చూస్తూ నిలబడ్డాం. ఏం చేస్తాం?

నీళ్ళు తీశాక చెన్నై నించి మావాడు ఫోను చేశాడు. "స్టార్టు చెయ్యొద్దమ్మా, లారీమీద ఎక్కించి పంపించు" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. "ఆ తర్వాత అమ్మేసెయ్. ఈ వయసులో నీకు కారెందుకు? ఆటోలో పోరాదూ?" అన్నాడు. మైపాడుకి ఆటోలో పోయొస్తే నా నడుమేమవుతుందో వాడికేం తెలుసు! మావారు మౌనంగా ఉన్నారు. ఆ మౌనం ఎవరి పక్షమో ముప్ఫై ఏళ్ళ కాపురంలో నాకు తెలియనిది కాదు.

మెకానిక్కు వారం రోజులు పెట్టుకుని సీట్లు ఆరబెట్టాడు, ఎంజిన్ ఆయిలు మార్చాడు. "ఇంక తోలుకుపోవచ్చుమా" అన్నాడు.

"గేర్‌బాక్సు ఆయిలు చూశావా అబ్బయ్యా?"

"దానికేం గాదుమా. అది సీలేసి ఉండాది."

వరద రోజుల్లో కరెంటు లేక, చదవడానికింకేం దొరక్క, కారుతో ఇచ్చిన పుస్తకం మొదటినించీ చివరిదాకా చదివానులెండి. ఆ ధైర్యంతోనే కొలపుల్ల లాగమన్నాను. లాగి తెల్లగుడ్డమీద తుడిచాడు. ఎర్రగా, అద్దంలా ఉండాల్సిన నూనె అచ్చం రోజ్‌మిల్కులా ఉంది! గేర్‌బాక్సు వేడెక్కి చల్లారేటప్పుడు గాలి ఆడడానికి పైన ఒక చిన్న గొట్టం ఉంటుంది. అందులోంచి నీళ్ళు పోయాయి.

మామూలు కారులో గేరునూనెకి పళ్ళచక్రాలు అరక్కుండా చూడటమే పని. మా తాతగారి ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డిమసి కలిపి పెట్టిన కందెన లాంటిదన్నమాట. ఆటోమేటిక్‌లో నూనె పని వేరు. ఎంజిన్ తిప్పుడు చక్రాలకి చేరేది దాని ద్వారానే. దాని ఒత్తిడితోనే గేర్లు పడతాయి. లోపలి పలకలు జారాల్సినప్పుడు జారాలి, పట్టాల్సినప్పుడు పట్టాలి. క్లచ్చి తొక్కలేని నాకు ఆ నూనే ఎడమకాలు. అందులో నీళ్ళు చేరితే పలకలకి అంటించిన పొర ఉబ్బి ఊడిపోతుంది. అలాగే తోలుకొచ్చి ఉంటే నెల తిరక్కుండా మావాడి మాటే నెగ్గేది.

మర్నాడు మెకానిక్కు ఒక డబ్బా తెచ్చాడు. "ఎర్రగా ఉంటే చాలుమా, అన్నీ ఒకటే" అన్నాడు.

చూశారూ? బ్యాడిగి మిరపకాయా ఎరుపే, గుంటూరు మిరపకాయా ఎరుపే. దానికి బదులు ఇది అదే కొలతన వేసి చూడండి, భోజనాల దగ్గర ఎవరు మిగుల్తారో! నూనె కారితే ఎంజిన్‌దో గేర్‌బాక్సుదో తెలియాలని వేసిన రంగది, అంతే. ఏ రకం పొయ్యాలో కొలపుల్లమీదే సన్నక్షరాల్లో చెక్కి ఉంది. భూతద్దం పెట్టి చదివించాను. పక్కింటావిడ కారూ ఆటోమేటిక్కే గానీ అది బెల్టుతో నడిచే రకం, దాని నూనె వేరు. ఆవిడ కోడలి కారులో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్చి మాత్రం యంత్రం తొక్కుతుంది. దానికి మామూలు గేరునూనే. ఒకరిది అడిగి ఇంకొకరు పోయించుకుంటే కొంప మునిగినట్టే.

అన్నట్టు, అమెరికాలో 1939లో ఈ గేర్‌బాక్సు అమ్మకానికొచ్చిందట. 1970ల మొదటిదాకా దాని నూనెలో తిమింగలం నూనె కలిపేవారట. తిమింగలాల వేట మీద నిషేధం వచ్చాక అది మానేసి, వేరే మందులు కనిపెట్టుకోవాల్సొచ్చింది. మైపాడు సముద్రం చూసినప్పుడల్లా నాకిప్పుడదే గుర్తొస్తుంది.

సరే, చెన్నై నించి సరైన నూనె తెప్పించాం. అడుగు బోల్టు విప్పితే ఆరు లీటర్లలో మూడే దిగాయి. మిగతాది లోపలి డొక్కులో ఉండిపోతుంది. బియ్యం కడిగినట్టే ఇది కూడా. ఒకసారి పోసి, కాసేపు నడిపి, వంపితే మురికి సగమవుతుంది, మళ్ళీ చేస్తే పావు, ఇంకోసారికి పరక. నాలుగోసారికి నీరు తేరిన ఎరుపొచ్చింది. పన్నెండు లీటర్లు! నా చీటీ డబ్బు కరిగిపోయింది. మావారు డబ్బాలు లెక్కపెట్టి నిట్టూర్చారు.

మెకానిక్కు ఊరుకోక "ఇంకో గుక్కెడు పోద్దామా?" అన్నాడు. వద్దన్నాను. ఎక్కువైతే లోపల చిలికినట్టయి నురుగు కడుతుంది, నురుగుకి ఒత్తిడి నిలవదు. బండి చదునునేలమీద పెట్టి, వేడెక్కాక, ఎంజిన్ నడుస్తుండగా కొలిచాం. గీతల మధ్య ఉంది.

ఆదివారం బయల్దేరాం. గేరు వేశాక ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాను. కుదుపు లేకుండా కదిలింది. ఇందుకూరుపేట దాటి, రొయ్యల గుంటల పక్కగా పోతుంటే మావారు "మెల్లిగా, మెల్లిగా" అన్నారు. అంటే నమ్మకం కుదిరిందన్నమాట.

అన్నాలు తిని కూర్చున్నాం. బయట నించి అమ్మ కేక.

"ఎవరే, వాకిట్లో తాంబూలం ఊసింది?"

పరుగెత్తాను. కారు కింద సిమెంటుమీద ఎర్రగా రెండు చుక్కలు. మావారు మావాడి నంబరు నొక్కబోతున్నారు. ఆపి, నేనే మెకానిక్కుకి చేశాను.

"అబ్బయ్యా, అడుగు బోల్టుకి కొత్త వాషరేశావా, పాతదేనా?"

అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

"...పాతదేమా. రేప్పొద్దున తీసుకురా, మార్చేస్తా."

కొలపుల్ల తీసి చూశాను. గీతల మధ్యే ఉంది. చుక్కల కింద పాత పళ్ళెం ఒకటి పెట్టి, చీకటి పడకముందే ఇంటికి చేరాలని బయల్దేరదీశాను.